విదురాశ్వత్థం 1938: ఎగువన తప్పు, దిగువన ఒప్పు

బెంగళూరు నుంచి హిందూపురం పోయే రైల్లో గౌరీబిదనూరు దాటినాక విదురాశ్వత్థం అనే చిన్న స్టేషన్ వస్తుంది. ఇప్పుడు అది చిక్కబళ్లాపురం జిల్లా. 2007 దాకా కోలారు జిల్లాలోనే ఉండేది. ఊరి పక్కనే ఉత్తర పినాకిని, అంటే మన పెన్న. నంది కొండల్లో పుట్టి, ఇట్లా వచ్చి, హిందూపురం పక్కకు దిగి, చివరికి నెల్లూరు దగ్గర సముద్రంలో కలిసే ఏరు ఇదే. భారతంలోని విదురుడు నాటిన రావిచెట్టు ఇక్కడ ఉండేదని పెద్దల మాట, అందుకే ఊరికి ఆ పేరు. ఆ పాత చెట్టు 2001లో కూలిపోయింది. దాని చుట్టూ భక్తులు మొక్కుకుని ప్రతిష్ఠ చేసిన నాగరాళ్లు మాత్రం వేలల్లో ఉన్నాయి.

ఈ పక్క ఊళ్లల్లో చాలా ఇండ్లల్లో మాట తెలుగు, బడి కన్నడం. మేమూ అట్లా పెరిగినోళ్లమే. నాగప్రతిష్ఠకు, జాతరకు పోయి వచ్చినోళ్లు మన కుటుంబాల్లో చాలామంది ఉంటారు. కానీ 1938 ఏప్రిల్ 25న అక్కడ ఏమి జరిగిందో, ఎందుకు జరిగిందో అడిగితే, పిల్లలే కాదు, మా వయసు వాళ్లు కూడా సగమే చెప్తారు. అందుకే ఈసారి దాని గురించి రాస్తున్నాము.

ముందు ఎల్లల సంగతి తెలియాల. ఆ రోజుల్లో గౌరీబిదనూరు మైసూరు సంస్థానంలో ఉండేది. ఏటి వెంబడి కొంచెం దిగువకు పోతే హిందూపురం, అది మద్రాసు ప్రెసిడెన్సీలోని అనంతపురం జిల్లా. మద్రాసులో 1937 జూలై నుంచి రాజాజీ ముఖ్యమంత్రిగా కాంగ్రెస్ మంత్రివర్గమే నడుస్తా ఉంది. అంటే రాట్నం ఉండే మూడు రంగుల కాంగ్రెస్ జెండా హిందూపురంలో అధికారంలో ఉండే పార్టీ జెండా. అదే జెండాను మైసూరు ఎల్లలోపల ఎత్తితే నేరం. ఒకే ఏరు, ఒకే భాష, ఇటు వాళ్లకూ అటు వాళ్లకూ పిల్లనిచ్చి పుచ్చుకునే సంబంధాలు. ఎగువన తప్పయిన పని దిగువన ఒప్పు. ఇది తెలియకుంటే విదురాశ్వత్థం కథ అర్థం కాదు.

మైసూరు చెడ్డగా పాలించిన రాజ్యం కాదు. నాల్వడి కృష్ణరాజ ఒడెయరు కాలంలో దానికి 'మాదరి రాజ్యం' అని పేరు. శివనసముద్రం కరెంటు 1902లోనే కోలారు బంగారు గనులకు వచ్చింది. 1926 నుంచి 1941 దాకా దివానుగా ఉన్న సర్ మీర్జా ఇస్మాయిల్ గురించి మన పెద్దలు ఇప్పటికీ గౌరవంగానే మాట్లాడుతారు. రోడ్లు, ఆస్పత్రులు, తోటలు అన్నీ ఉన్నాయి. లేనిది ఒకటే: జనం ఎన్నుకున్నోళ్లకు జవాబు చెప్పే ప్రభుత్వం. కాంగ్రెస్ జెండా ఎత్తడమంటే దాన్ని అడగడమే. దివానుకు ఆ జెండా రాజు జెండాకు పోటీగా కనిపించింది. గొడవ గుడ్డముక్క గురించి కాదు, అధికారం ఎవరి చేతిలో ఉండాలనే దాని గురించి.

1938 ఫిబ్రవరిలో హరిపురలో జరిగిన జాతీయ కాంగ్రెస్ మహాసభ, సంస్థానాల్లో పోరాటాలు కాంగ్రెస్ పేరు మీద కాకుండా అక్కడి జనమే సొంతంగా నడుపుకోవాలని తీర్మానించింది. మైసూరోళ్లు ఆగలేదు. ఏప్రిల్‌లో మండ్య జిల్లా మద్దూరు పక్కన శివపురలో మైసూరు కాంగ్రెస్ సమావేశం పెట్టి, నిషేధం ఉన్నా టి. సిద్ధలింగయ్య జెండా ఎత్తినారు, అరెస్టయినారు. శివపుర ధ్వజ సత్యాగ్రహం అని కన్నడంలో చెప్పుకునేది దాన్నే. అది అక్కడితో నిలవక ఊరూరికీ పాకింది. రెండు వారాలు తిరిగేలోపల మన పక్కకు వచ్చింది.

ఏప్రిల్ 25న విదురాశ్వత్థం తోపులో వేలమంది చేరినారు. జాతరకు, మొక్కులకు చుట్టుపక్కల ఊళ్లోళ్లంతా కలిసే చోటు అది, ఎవురికీ దారి చెప్పాల్సిన పని లేదు. సభ పెట్టకూడదని నిషేధం. జనం కదల్లేదు. పోలీసులు తుపాకులు కాల్చినారు. కాల్పించింది తెల్లదొరలు కాదు, మన సంస్థానం ప్రభుత్వమే. 'దక్షిణ భారత జలియన్‌వాలా బాగ్' అని ఈ చోటుకు పేరు వచ్చింది కానీ, ఈ తేడాను మరిచిపోకూడదని మాకు అనిపిస్తుంది. పరాయివాడు కాల్చినదాన్ని తలుచుకోవడం సులభం. మంచి పేరున్న సొంత ప్రభుత్వం కాల్చినదాన్ని తలుచుకోవడం కష్టం. మీర్జా చేసిన మంచీ నిజమే, ఆ తోపులో పడిన శవాలూ నిజమే.

ఎందరు పోయినారనే దాంట్లో ఈ రోజుకీ ఒకే మాట లేదు. సర్కారు లెక్క 10. జనం లెక్క 32 అని కొందరు, 35 అని కొందరు. విచారణకు మైసూరు ప్రభుత్వం వేసిన కమిటీకి పెద్ద సర్ వేపా రామేశం, మద్రాసు హైకోర్టులో జడ్జిగా పనిచేసి రిటైరయిన తెలుగాయన.

కాల్పుల వార్త దేశమంతా పోయింది. గాంధీజీ సర్దార్ పటేల్‌నూ ఆచార్య కృపలానీనీ బెంగళూరికి పంపినారు. మే నెలలో మీర్జా, పటేల్ మధ్య ఒప్పందం కుదిరింది. మైసూరు జెండాతో పాటు కాంగ్రెస్ జెండా కూడా ఎత్తవచ్చునని సంస్థానం ఒప్పుకుంది, ఖైదీలు విడుదలయినారు. ఏ జెండా కోసం ఏప్రిల్‌లో కాల్చినారో, మేలో ఆ జెండాకే అనుమతి. కానీ జనానికి జవాబు చెప్పే ప్రభుత్వం రావడానికి ఇంకా తొమ్మిదేండ్లు పట్టింది. 1947 అక్టోబరులో మైసూరుకు మొదటి ముఖ్యమంత్రి అయిన కె. చెంగలరాయ రెడ్డి మన కోలారు జిల్లా క్యాసంబళ్లి మనిషే.

ఇప్పుడు అక్కడ హుతాత్మల స్మారక స్తూపం, ఫోటోలు పెట్టిన వీరసౌధ ఉన్నాయి. ఏప్రిల్ 25న పూలదండలు వేస్తారు, భాషణలు చేస్తారు. ఆ కార్యక్రమం కన్నడంలో జరుగుతుంది, అది న్యాయమే, రాజ్యభాష అది. మాకు దాని మీద ఫిర్యాదు లేదు. మేము చెప్పేది వేరే. స్తూపం ముందర చెప్పే కథలో దివాను, పటేల్, గాంధీజీ ఉంటారు. పొలం పని వదిలి ఆ రోజు తోపుకు పోయినోళ్లు, తూటా తగిలి బ్రతికినోళ్లు, చెప్పకుండా శవాన్ని రాత్రికి రాత్రి ఊరికి తెచ్చుకున్నోళ్లు ఎవరైనా ఉంటే, వాళ్ల సంగతి ఇండ్లల్లోనే ఉంటుంది, అదీ తెలుగులో. 10కీ 35కీ మధ్య ఉండే మనుషులు కాగితాల్లో దొరక్కుంటే ఇంక వెదకాల్సింది అక్కడే.

ఆ రోజు పదేండ్ల పిల్లోడికి ఇప్పుడు తొంభై అయిదు దాటి ఉంటాయి. చూసినోళ్లు దాదాపు అయిపోయినారు, వాళ్ల నోట విన్నోళ్లు ఇంకా ఉన్నారు. గౌరీబిదనూరు, బాగేపల్లి, హిందూపురం పక్క మీ చుట్టాలు ఎవరైనా ఉంటే ఈసారి పండక్కో పెండ్లికో పోయినప్పుడు అడగండి. ఊరి పేరు, ఇంటి పేరు, మనిషి పేరు, చెప్పినోళ్లకు ఆయన ఏమవుతాడు, వాళ్లు ఎవరి దగ్గర విన్నారు, ఈ అయిదూ రాసుకోండి. విన్నది విన్నట్టే రాయండి, అంకెలు పెంచొద్దు, తగ్గించొద్దు. తెలుగు అక్షరాలు రాకుంటే కన్నడ అక్షరాల్లోనే తెలుగు రాయండి, మాలో చాలామంది చిన్నప్పుడు ఇంటికి ఉత్తరాలు అట్లానే రాసేవాళ్లు. తమిళనాడులో, ఒడిశాలో, మహారాష్ట్రలో ఉండే మనోళ్లు మీ పక్క ఇట్లాంటి చోటు ఏదైనా ఉంటే దానికీ ఇదే పని చేయండి. ముందు మీ ఇంట్లో అందరికన్నా పెద్దోళ్ల దగ్గర మొదలుపెట్టండి.