ఆయాసం, ఈస్నోఫీలియా, స్టెరాయిడ్

ఉబ్బసం ఉన్న ఇద్దరికి ఒకే స్టెరాయిడ్ మాత్ర, ఒకే మోతాదులో రాస్తారు. ఒకాయన వారం తిరక్కుండా పొలం పనికి పోతాడు. రెండో ఆయన రాత్రంతా మంచం మీద కూర్చునే తెల్లవారుస్తాడు. నెల్లూరు జిల్లా ఉదయగిరి, ఆత్మకూరు పల్లెల్లో దీన్ని ఒంటి తత్వం కింద కట్టేసి, ‘ఆయనకు మందు పడలేదు’ అంటారు. అసలు తేడా ఊపిరి గొట్టాల్లో ఏ రక్షణ కణం గుమిగూడిందన్న దాంట్లో ఉంది. వైద్యశాస్త్రం ఇది గ్రహించడానికి చాలా ఏళ్లు పట్టింది. ఆ కథలో తొలి ఘట్టాల్లో ఒకటి మన సీమలోనే, మదనపల్లె పక్కన జరిగిందని చాలామందికి తెలియదు.

1879లో జర్మనీలో పాల్ ఎర్లిక్ రక్తపు చుక్కలకు రంగులు వేసి చూస్తూ, ఇయోసిన్ అనే ఎర్ర రంగును పీల్చుకునే తెల్లకణాలను గుర్తించాడు. వాటికి ఇయోసినోఫిల్ అని పేరు పెట్టాడు. మన ల్యాబుల్లో, మన నోళ్లలో ‘ఈస్నోఫీలియా’ అయినది వీటి పెరుగుదలే. పురుగులతో పోరాడటం ఈ కణాల పని. ఉబ్బసం రోగుల కఫంలోనూ ఇవి కనిపిస్తాయని ఆనాటి వైద్యులకు తెలుసు. అవి అక్కడ ఏం చేస్తున్నాయో మాత్రం తేలలేదు.

అప్పటి చిత్తూరు జిల్లాలో, మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్షయ శానిటోరియం 1915లో మొదలైంది. క్రైస్తవ మిషన్లు కలిసి పెట్టిన ఆ ఆసుపత్రిని డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమొద్-మోలర్ నడిపాడు. క్షయ అనుమానంతో వచ్చినవారిలో కొందరి తీరు ఆయనకు వింతగా తోచింది. ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల నిండా చుక్కలు కనిపించేవి, కఫంలో క్షయ క్రిమి దొరికేది కాదు. రాత్రిపూట దగ్గు, ఆయాసం, పిల్లికూతలు. రక్తం చూస్తే ఇయోసినోఫిల్స్ విపరీతంగా ఉండేవి. ఇది క్షయలా కనిపించే వేరే జబ్బని ఆయన, బార్టన్ అనే సహచరుడు 1940లో ‘ఇండియన్ మెడికల్ గెజిట్’లో రాశారు. 1943లో వైన్‌గార్టెన్ దీనికి ట్రాపికల్ ఇయోసినోఫీలియా అని పేరు పెట్టాడు. బోదకాలు కలిగించే పురుగు పిల్లలు ఊపిరితిత్తుల్లో చిక్కుకోవడం, వాటిపై శరీరం మితిమీరి విరుచుకుపడటం ఈ జబ్బుకు మూలమని తర్వాత తేలింది. నెల్లూరు జిల్లా బోదకాలు ఉన్న జిల్లాల్లో ఒకటి కాబట్టి ఇది మనకు దూరపు సంగతి కాదు.

దీనికి మందు కూడా మనవాడి చేతి మీదుగానే వచ్చింది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలో లెడర్లీ సంస్థలో నడిపిన పరిశోధన నుంచి 1947లో హెట్రజాన్ వెలువడింది. డీఈసీ అని డాక్టర్లు రాసే మాత్ర, బోదకాలు నివారణకు ఇంటింటికీ పంచిన మాత్ర అదే. మూడు వారాలు వాడితే ట్రాపికల్ ఇయోసినోఫీలియాలో చాలామందికి ఆయాసం తగ్గుతుంది. ఈ రోగికి ఉబ్బసమని స్టెరాయిడ్ ఇచ్చినా ఇయోసినోఫిల్స్ తగ్గి కొంత ఊరట కనిపించవచ్చు, కానీ పురుగు అలాగే ఉంటుంది. నా దృష్టిలో మన ప్రాంతపు వైద్యులు మొదట ఆలోచించవలసింది దీని గురించే.

ఇక స్టెరాయిడ్. 1948లో అమెరికాలో కీళ్లవాతం రోగికి కార్టిజోన్ ఇచ్చి, ఫలితం చూసి ఫిలిప్ హెంచ్ బృందం ఆశ్చర్యపోయింది. 1950లో ఆయనకు, మరో ఇద్దరికి నోబెల్ వచ్చింది. ఆ వెంటనే ఉబ్బసానికీ వాడారు. అయితే దీర్ఘకాలపు ఉబ్బసంలో అది చేసే మేలు కొద్దిపాటిదేనని 1956లో బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి పరీక్షలో తేలింది. ఆ దశలో ఇంగ్లండ్‌లోని డెర్బీలో హ్యారీ మోరో బ్రౌన్ అనే డాక్టరు తన గదిలోనే సూక్ష్మదర్శిని పెట్టుకుని, ప్రతి రోగి కఫాన్నీ తానే చూశాడు. ఇయోసినోఫిల్స్ ఉన్నవారికి ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ బాగా పనిచేసింది, లేనివారికి దాదాపు పనిచేయలేదు. ఇది 1958లో ‘లాన్సెట్’లో వచ్చింది. అందరినీ ఒకే గాట కట్టి సగటు తీసినందువల్లే మందు బలహీనమైనదిగా కనిపించిందన్నమాట. ఇంత విలువైన మాటను వైద్యలోకం దశాబ్దాల పాటు పక్కన పెట్టడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

స్టెరాయిడ్‌కు లొంగని ఉబ్బసాన్ని 1968లో అమెరికా వైద్యులు విడిగా వర్ణించారు. కారణం అర్థం కావడానికి కణాల మధ్య సంభాషణ తెలియాలి. 1986లో మోస్మన్, కాఫ్‌మన్ ఎలుకల్లో సహాయక టీ కణాలు అనే తెల్లకణాలు రెండు రకాలని చూపారు. రెండో రకం కణం ఇంటర్‌ల్యూకిన్-5 అనే సంకేతాన్ని పంపి ఇయోసినోఫిల్స్‌ను పెంచి, బతికిస్తుంది. స్టెరాయిడ్ కణకేంద్రకంలోకి చేరి ఈ సంకేతాల తయారీని ఆపేస్తుంది. సంకేతం అందని ఇయోసినోఫిల్స్ చనిపోతాయి. న్యూట్రోఫిల్స్ అనే మరో రకం తెల్లకణాల సంగతి దీనికి తలకిందులు: స్టెరాయిడ్ వాటి ఆయుష్షును పెంచుతుంది. ఊపిరి గొట్టాల్లో న్యూట్రోఫిల్స్ పెత్తనం చేస్తున్న రోగికి ఎంత మోతాదు పెంచినా ఎముకలు గుల్లబారడం, చక్కెర పెరగడమే మిగలవచ్చు. 2009లో వుడ్రఫ్ బృందం, పీల్చే స్టెరాయిడ్‌తో ఊపిరి మెరుగుపడింది రెండో రకం టీ కణాల ప్రభావం బలంగా ఉన్నవారికేనని చూపింది.

పొగ ఇక్కడ పెద్ద విషయం. ఆత్మకూరు వైపు డి.సి.పల్లిలోను, ఉదయగిరి వైపు కలిగిరిలోను పొగాకు వేలం కేంద్రాలున్నాయి. పొగాకు ఈ మెట్ట రైతు బతుకు. కానీ బీడీ, సిగరెట్ తాగే ఉబ్బసం రోగికి స్టెరాయిడ్ సరిగా పనిచేయదని ఈ శతాబ్దం తొలి ఏళ్లలోనే స్కాట్లాండ్ పరిశోధకులు నిరూపించారు. పొగ న్యూట్రోఫిల్స్‌ను రప్పిస్తుంది. స్టెరాయిడ్ జన్యువులను మూయించడానికి వాడుకునే హెచ్‌డాక్-2 అనే ఎంజైమును కూడా పొగ దెబ్బతీస్తుందని లండన్‌లో పీటర్ బార్న్స్ బృందం వివరించింది.

మోరో బ్రౌన్ పాఠాన్ని కొత్త మందులు మళ్లీ నేర్చుకోవలసి వచ్చింది. ఇంటర్‌ల్యూకిన్-5ను అడ్డుకునే మెపోలిజుమాబ్‌ను ఎంపిక లేకుండా ఇచ్చినప్పుడు ఫలితం నిరాశపరిచింది. ఇయోసినోఫిల్స్ ఉన్నవారినే ఎంచి ఇస్తే ఉబ్బసం తిరగబెట్టడం బాగా తగ్గిందని 2009లో రెండు బృందాలు చూపాయి. 2015లో దానికి అమెరికా అనుమతి దొరికింది. దాని ధర మన మెట్ట రైతుకు అందేది కాదు.

అందేది రక్తపరీక్ష. మామూలుగా మైక్రోలీటరు రక్తంలో ఇయోసినోఫిల్స్ 500 లోపు ఉంటాయి. ట్రాపికల్ ఇయోసినోఫీలియాలో 3,000 దాటుతాయి. కడుపులో నులిపురుగులున్నా అంకె పెరుగుతుంది కాబట్టి, మన పల్లెల్లో దాన్ని ఒంటరిగా నమ్మకూడదు, వీలైతే కఫం కూడా చూడాలి. స్టెరాయిడ్ ఇంజెక్షన్ పడ్డ కొన్ని గంటల్లోనే ఈ కణాలు రక్తంలో తగ్గిపోతాయి. ప్రాణం మీదికి వచ్చిన ఆయాసంలో ఇంజెక్షన్ ఆపకూడదు. మిగతా వేళల్లో సూది వేశాక రక్తం పంపితే, రోగి ఏ కోవకు చెందినవాడో చెప్పగలిగిన అంకె అప్పటికే చెరిగిపోయి ఉంటుంది. పరీక్షకు రక్తం ముందు తీయాలి, సూది తర్వాత వేయాలి.