మోటారే బ్రేకు అయిన కార్లలో డిస్కుకు చోటు

రేడియో సంకేతాలతో నడిచే ఎలక్ట్రిక్ కార్లకు మొదట్లో విడిగా బ్రేకు అంటూ ఉండేది కాదు. కారును పరుగెత్తించే మోటారే దానిని ఆపే పనీ చేసేది. జపాన్‌కు చెందిన తమియా సంస్థ 1976లో పోర్షె 934 నమూనాతో ఈ రంగంలో అడుగుపెట్టి, 1979లో రఫ్ రైడర్, శాండ్ స్కార్చర్ అనే బగ్గీలతో మట్టి మీద పరుగులకు బాట వేసింది. 1984లో అమెరికాలో అసోసియేటెడ్ సంస్థ అల్యూమినియం చట్రంతో తెచ్చిన ఆర్‌సీ 10 ఆ సరదాను పూర్తిస్థాయి పోటీగా మార్చగా, 1:10 నిష్పత్తి ఎలక్ట్రిక్ బగ్గీల తొలి ప్రపంచ పోటీలు మరుసటి ఏడాదే కాలిఫోర్నియాలోని డెల్ మార్‌లో జరిగాయి. 7.2 వోల్టుల నికెల్ కాడ్మియం బ్యాటరీతో నడిచే ఆ తేలికపాటి కార్లకు మోటారు బ్రేకు సరిపోయేది.

ఆ బ్రేకు వెనక ఉన్న సూత్రం పాతదే. చక్రాలను తిప్పుతున్న మోటారుకు సరఫరా ఆపేసి, పరుగులో ఉన్న చక్రాలే దానిని తిప్పేలా వదిలితే, అది జనరేటరుగా మారి విద్యుత్తును పుట్టిస్తుంది; అప్పుడు దాని రెండు కొసలను ఒకదానితో ఒకటి కలిపితే, పుట్టిన కరెంటు మోటారు తీగచుట్టల్లోనే తిరిగి, తనను పుట్టించిన కదలికనే అడ్డుకుంటుంది. 1834లో హైన్రిక్ లెంజ్ చెప్పిన నియమం ఇదే. ఈ కొసలను కలిపే పనిని పోటీ కార్లలో మొదట సర్వో, అంటే సంకేతాన్ని బట్టి చిన్న చేతిని అటూ ఇటూ తిప్పే యంత్రం, రాగి పట్టీల మీద జారే మీటతో చేసేది. ఆ తర్వాత దానిని ట్రాన్సిస్టర్లతో పనిచేసే స్పీడ్ కంట్రోలర్ చేపట్టింది.

అయితే ఈ పద్ధతికి పుట్టుకతోనే రెండు లోపాలున్నాయి. మోటారు పుట్టించే వోల్టేజి వేగాన్ని బట్టి ఉంటుంది కనుక, కారు నెమ్మదించేకొద్దీ బ్రేకు పట్టు సడలి, పూర్తిగా ఆగేసరికి సున్నా అవుతుంది. మోటారుతో వేగం తగ్గించుకునే రైలింజన్లకు సైతం చివరికి బండిని నిలిపి ఉంచడానికి గాలి బ్రేకులు తప్పనిసరి కావడానికి కారణం ఇదే. రెండో లోపం మట్టి మీద మరింత బాధిస్తుంది. మోటారు ఏ చక్రాలకు కలిసి ఉంటే బ్రేకు ఆ చక్రాలకే పడుతుంది గనుక, వెనక చక్రాలతో నడిచే బగ్గీకి ముందు చక్రాల మీద బ్రేకే ఉండదు. నాలుగు చక్రాలతో నడిచేదానిలో బ్రేకు బలం మధ్య డిఫరెన్షియల్, అంటే ముందు వెనక ఇరుసులు వేర్వేరు వేగాలతో తిరగడానికి వీలిచ్చే గేర్ల పెట్టె, ద్వారా ఇరువైపులకూ దాదాపు సమానంగా వెళ్తుంది. బ్రేకు వేసిన క్షణంలో బరువు ముందుకు ఒరిగి వెనక చక్రాలు తేలికపడతాయి కనుక, ఆ సమాన పంపకమే వెనక చక్రాలను ముందుగా బిగిసిపోయేలా చేసి, కారు తోకను పక్కకు తిప్పేస్తుంది.

దీనికి పరిష్కారం ఎలక్ట్రిక్ కార్లలో కాక, నైట్రో ఇంధనంతో నడిచే 1:8 బగ్గీలలో అప్పటికే సిద్ధంగా ఉంది. వాటి ఇంజన్, వేగం తగ్గగానే విడిపోయే క్లచ్‌తో పనిచేసేది కనుక, బ్రేకు బాధ్యతను దానికి అప్పగించడం కుదరదు. అందుకే మధ్య డిఫరెన్షియల్‌కు ముందొకటి, వెనకొకటి పలుచని డిస్కులు బిగించి, ఒక్కో డిస్కుకు ఇరువైపులా రెండు ప్యాడ్లు పెట్టేవారు. సర్వో చేయి వెనక్కి కదిలితే దానికి తగిలించిన తీగ చిన్న మీటను తిప్పుతుంది, ఆ మీట ప్యాడ్లను డిస్కుకు అదుముతుంది. రెండు తీగల చివర ఉండే మరలలో ఏది ఎక్కువ బిగిస్తే ఆ ఇరుసుకు పట్టు ఎక్కువ. ముందు, వెనక బ్రేకుల వాటాను వేలికొసలతో నిర్ణయించే ఈ ఏర్పాటు నిజంగా గొప్ప సౌలభ్యం.

2000 దశకం ద్వితీయార్ధంలో, బొగ్గుముక్కలు అవసరం లేని బ్రష్‌లెస్ మోటార్లు, లిథియం పాలిమర్ బ్యాటరీలు చవకై, అభిరుచిగలవారు ఆ నైట్రో బగ్గీల నుంచి ఇంజన్ తీసి మోటారు బిగించడం మొదలుపెట్టినప్పుడు, డిస్కులను తీసేయాలా ఉంచాలా అనే ప్రశ్న ఎదురైంది. లెక్క వేస్తే ఆ ప్రశ్న బరువు తెలుస్తుంది: గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కిలోన్నర కారులో దాదాపు 93 జౌళ్ల గతిశక్తి ఉంటే, 60 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోయే మూడున్నర కిలోల కారులో 486 జౌళ్లు ఉంటాయి. మోటారే బ్రేకు అయితే ఆ శక్తిలో చాలా భాగం వేడిగానో, బ్యాటరీలోకి తిరుగు కరెంటుగానో స్పీడ్ కంట్రోలర్ మీదుగా పోవాలి. డిస్కు ఉంటే ఆ వేడిని ప్యాడ్లు భరిస్తాయి.

డిస్కును ఉంచుకున్నవారు రిసీవరులో థ్రాటిల్ సంకేతాన్ని రెండుగా చీల్చి, ఒక పాయను స్పీడ్ కంట్రోలర్‌కు, మరొకదానిని బ్రేకు సర్వోకు ఇచ్చి, కంట్రోలర్‌లో మోటారు బ్రేకును సున్నాకు దించి, రివర్స్‌ను మూసేసేవారు. కారు ముందుకు పరుగెత్తుతున్నప్పుడు సర్వో కూడా అటువైపే తిరుగుతుంది కనుక, తీగ కొస సర్వో చేతిలోని రంధ్రంలో స్వేచ్ఛగా జారేలా వదలడం తప్పనిసరి. అలా వదలకపోతే తీగ వంగి ప్యాడ్లు డిస్కును రాస్తూనే ఉంటాయి, కారు వేగం తగ్గి బ్యాటరీ వృథా అవుతుంది. ట్రాన్స్‌మిటర్‌లో మూడో ఛానెల్ ఉన్నవారు సర్వోను దానికి కలిపి, అది ఎంతవరకు తిరగాలో విడిగా నిర్దేశించుకునేవారు.

తయారీ సంస్థలు స్వయంగా విడుదల చేసిన 1:8 ఎలక్ట్రిక్ బగ్గీలలో మాత్రం ఈ డిస్కులు చాలావరకు మాయమయ్యాయి. అదనపు సర్వో బరువు, దుమ్ముకు అరిగే ప్యాడ్లు, తీగల చిక్కు పోటీదారులకు భారమనిపించగా, స్పీడ్ కంట్రోలర్లు మెరుగై, డిఫరెన్షియల్‌లో పోసే సిలికాన్ నూనె చిక్కదనాన్ని మార్చి ఇరుసుల నడవడిని కొంత దిద్దుకునే పద్ధతి స్థిరపడింది. ఆ సర్దుబాటు పనికొచ్చేదే అయినా, నూనె మార్చాలంటే డిఫరెన్షియల్‌ను విప్పాలి. పైగా దాని ప్రభావం బ్రేకుతో ఆగక, మలుపు మీద, వేగం అందుకునే తీరు మీద కూడా పడుతుంది. మర బిగించినంత సూటిగా ముందు, వెనక వాటాను అది మార్చలేదు. పది కిలోలు దాటే 1:5 నిష్పత్తి పెట్రోలు బగ్గీలను ఎలక్ట్రిక్‌గా మార్చేవారిలో కొందరు అందుకే పాత డిస్కులను అలాగే ఉంచి, మోటారు బ్రేకును తక్కువ శాతానికి దించి రెండింటితోనూ పని చేయించుకుంటారు.