అవాయుజీవులలోని ఔషధభంజక ఎంజైములు

ఔషధచరిత్రలో మందును కనుగొనిన వారి పేరు నిలుచును. ఆ మందును విరుగగొట్టు శక్తి ఎచ్చట దాగియున్నదను చరిత్ర మరుగుపడును. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధనాధ్యక్షులుగా నున్న లెడర్లీ ప్రయోగశాలలలో డగ్గర్ అను శాస్త్రజ్ఞుడు ఆరియోమైసిన్‌ను కనుగొనెను. 1948లో లోకమునకు వెల్లడియైన ఈ మందు టెట్రాసైక్లిన్ వర్గమున మొదటిది. ఆ వర్గమును భంజించు ఎంజైము గాలి సోకని చోట బ్రతుకు ఒక జీవియందు దొరకుట విచిత్రము.

ఆ జీవికి బాక్టీరాయిడీస్ ఫ్రాజిలిస్ అని పేరు. 1898లో పారిస్ నగరమున వేయాన్, జుబేర్ అనువారు అపెండిసైటిస్ మొదలగు రోగముల చీమునుండి దీనిని వేరుచేసిరి. ప్రేగులలో నున్నంతకాలము ఇది సాధుజీవి. ప్రేగు చిల్లుపడి ఉదరమున చేరినచో చీముగడ్డలకు కారణమగును.

దీనికి గల ఔషధభంజకశక్తి ద్వివిధము. మొదటిది పెనిసిలిన్‌కు సంబంధించినది. 1940లో ఆక్స్‌ఫర్డునందు ఏబ్రహాము, చెయిన్ పండితులు పెనిసిలిన్‌ను నశింపజేయు ఎంజైమును ఈ. కోలై అను బాక్టీరియమున చూపిరి. బీటాలాక్టమేజులని పిలువబడు అట్టి ఎంజైములు ఈ అవాయుజీవియందును కలవని తరువాత తేలినది. అవి మందు అణువులోని నాలుగు పరమాణువుల వలయమును చీల్చును. తమ్ము దాల్చిన జీవినే గాక, అదే చీములోని బలహీనజీవులను గూడ కాపాడును.

రెండవది టెట్రాసైక్లిన్‌కు సంబంధించినది. 1980ల దశకమున పరిశోధకులు బాక్టీరాయిడీస్ జన్యువులను ఈ. కోలైలోనికి మార్చి చూచిరి. గాలి తగులునట్లు పెంచినప్పుడే ఆ ఈ. కోలై టెట్రాసైక్లిన్‌ను తట్టుకొనెను. ఏలయన టెట్-ఎక్స్ అను జన్యువువలన పుట్టు ఎంజైము ప్రాణవాయువు లేనిదే పనిచేయదు. కావున సొంతయింట అది ఒరలోని కత్తివంటిది. పొరుగింటికి చేరినచో పదునైన ఆయుధము.

అట్లు చేరినదనుటకు నిదర్శనము 2019లో లభించినది. చైనా పరిశోధకులు ఈ జన్యువునకు దగ్గరి రూపములను పశువులనుండియు, కొందరు రోగులనుండియు తీసిన ఈ. కోలై, అసినెటోబాక్టర్ జీవులలో కనుగొనిరి. 2005లో అమెరికాలో అనుమతి పొందిన టైగిసైక్లిన్ సైతము వానిచే శక్తిహీనమగును.

చీమును గాలి సోకకుండ సేకరింపనిచో అవాయుజీవి పరీక్షలో కానరాకపోవచ్చును. కానరాని జీవి ఎంజైమును వైద్యుడు లెక్కింపజాలడు. కావున రోగియందుగాని పశువునందుగాని మందును అవసరమెరిగి వాడుటయే సుబ్బారావుగారివంటి వారి శ్రమఫలమును భావితరమునకు నిలుపు మార్గము.