సహరచయితల జాబితాలో యల్లాప్రగడ సుబ్బారావు: ఉల్లేఖన విశ్లేషణ చూపేది, చూపలేనిది

ఒక పరిశోధక సముదాయంలో ఎవరు ఎవరితో కలిసి పనిచేశారో, ఎవరి పని మీద ఎవరు ఆధారపడ్డారో తేల్చడానికి రెండు ముద్రిత ఆధారాలు ప్రధానంగా వాడుకలో ఉన్నాయి. మొదటిది వ్యాసం శీర్షిక కింద ఉండే పేర్లు. రెండోది చివర ఇచ్చే ఆధారాల పట్టిక. మొదటిదాన్ని బట్టి సహరచన జాలాన్ని, రెండోదాన్ని బట్టి ఉల్లేఖన జాలాన్ని గీస్తారు. ఈ జాలాలను ఎంతవరకు నమ్మవచ్చునన్న ప్రశ్నను యల్లాప్రగడ సుబ్బారావు (1895–1948) ప్రచురణలను ముందు పెట్టుకుని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. భీమవరంలో పుట్టి, 1923లో అమెరికా చేరి, హార్వర్డులోనూ, 1940 నుంచి లెడర్లీ ప్రయోగశాలలోనూ పనిచేసిన ఈ శాస్త్రవేత్త విషయంలో ముద్రిత ఆధారానికీ, సమకాలికుల సాక్ష్యానికీ పలుచోట్ల పొంతన కుదరదు.

1. ముందుగా పద్ధతి పుట్టుక. ఉల్లేఖనలను లెక్కించే పని కనీసం 1927 నాటికే మొదలైంది. ఆ ఏడాది గ్రాస్ దంపతులుగా సాధారణంగా పేర్కొనే ఇద్దరు రచయితలు, కళాశాల గ్రంథాలయాలు ఏ రసాయన పత్రికలు కొనాలో నిర్ణయించడానికి ఒక ప్రముఖ పత్రికలోని ఉల్లేఖనలను లెక్కగట్టారు. యూజీన్ గార్‌ఫీల్డ్ 1955లో ‘సైన్స్’ పత్రికలో ప్రతిపాదించిన సూచికకు నమూనా మాత్రం విజ్ఞానశాస్త్రం నుంచి వచ్చింది కాదు; 1873 నుంచి అమెరికా న్యాయవాదులు వాడుతున్న షెపర్డ్ సూచిక. ఆ ప్రతిపాదన నుంచి పుట్టిన ‘సైన్స్ సైటేషన్ ఇండెక్స్’ ఆరంభాన్ని కొందరు 1963 అనీ, కొందరు 1964 అనీ రాస్తారు. 1961 నాటి ప్రచురణలతో తయారైన తొలి సంపుటాలు 1963లో వచ్చాయి. క్రమం తప్పని ప్రచురణ 1964లో మొదలైంది. కాబట్టి దేన్ని ఆరంభంగా లెక్కిస్తామన్న దాన్ని బట్టి రెండు తేదీలూ నిలుస్తాయి.

రెండు వ్యాసాలను మూడో వ్యాసం కలిపి ఉల్లేఖిస్తే ఆ రెండింటికీ సంబంధం ఉన్నట్టు భావించే పద్ధతిని 1973లో అమెరికాలో హెన్రీ స్మాల్, సోవియట్ యూనియన్‌లో ఇరీనా మర్షకోవా విడివిడిగా ప్రతిపాదించారు. ఒకే ఆలోచన ఒకే ఏడాది రెండుచోట్ల, ఒకరి పని మరొకరు చూడకుండానే పుట్టవచ్చునన్న సంగతిని ఇక్కడే గుర్తుంచుకోవాలి. ముందు దీని అవసరం ఉంది.

2. ఇక సుబ్బారావు ప్రచురణలకు వస్తే, 1925లో హార్వర్డులో సైరస్ ఫిస్క్, ఆయన కలిసి ఫాస్ఫరస్‌ను రంగు తీవ్రతను బట్టి కొలిచే పద్ధతిని ‘జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీ’లో ప్రచురించారు. పై సూచికను వెలువరించిన గార్‌ఫీల్డ్ సంస్థ ప్రకటించిన అత్యధిక ఉల్లేఖనల జాబితాల్లో ఈ వ్యాసం స్థానం పొందింది. అయితే దీన్నుంచి ఏం రాబట్టవచ్చు? ఆ వ్యాసాన్ని పేర్కొన్నవారందరూ ఒకే సముదాయమని అనలేము. నేలను పరీక్షించేవారూ, రక్తాన్ని పరీక్షించేవారూ కూడా అదే పద్ధతిని వాడి ఉంటారు. పద్ధతిని చెప్పే వ్యాసానికి వచ్చే ఉల్లేఖన ఎక్కువగా వినియోగానికి గుర్తు. మేధాసంబంధానికి గుర్తు కావడం తక్కువ. పైగా ముద్రిత సూచికలో ఉల్లేఖిత వ్యాసాలను మొదటి రచయిత పేరు కిందనే చూపేవారు. ఆ సంపుటాల్లో ఈ ఉల్లేఖనలన్నీ ఫిస్క్ పేరు కింద చేరాయి. సుబ్బారావు పేరు కింద వెతికినవారికి అవి దొరికే వీలు లేదు.

3. పేర్ల చిక్కు ఇంతకన్న లోతైనది. 2001లో మార్క్ న్యూమన్ వైద్య, భౌతిక, కంప్యూటర్ శాస్త్రాల డేటాబేసులతో సహరచన జాలాలు నిర్మించాడు. 1995–99 మధ్య వైద్య డేటాబేసు మెడ్‌లైన్‌లో రచయితలు ఎందరన్న ప్రశ్నకు ఆయన రెండు జవాబులు ఇచ్చాడు. ఇంటిపేరుతో పాటు అన్ని పొడి అక్షరాలనూ లెక్కలోకి తీసుకుంటే సుమారు 15 లక్షల 20 వేలు. మొదటి పొడి అక్షరం మాత్రమే తీసుకుంటే సుమారు 10 లక్షల 90 వేలు. అసలు సంఖ్య ఈ రెండింటి మధ్య ఉండవచ్చునని భావించాడు. తేడా 4 లక్షలకు పైమాటే.

తెలుగు పేర్ల విషయంలో ఈ తేడా యాదృచ్ఛికం కాదనిపిస్తుంది. మన ఇంటిపేరు ముందుండి పొడి అక్షరంగా కుదించుకుపోతుంది. చివర ఉండే రావు, రెడ్డి వంటి మాటను సూచిక ఇంటిపేరుగా భావిస్తుంది. మొదటి అక్షరం పద్ధతిని పాటిస్తే, గణాంక శాస్త్రవేత్త కల్యంపూడి రాధాకృష్ణారావు, రసాయన శాస్త్రవేత్త సి.ఎన్.ఆర్. రావు ఒకే ‘రావు, సి.’ అయిపోతారు. అప్పుడు ఏనాడూ కలిసి పనిచేయని రెండు సముదాయాల మధ్య జాలంలో ఒక వంతెన వెలుస్తుంది. రోమన్ లిపిలో సుబ్బారావు పేరును ఒకే మాటగా, రెండు మాటలుగా, చివరి అక్షరాలు మార్చి రాసిన రూపాలు కనిపిస్తాయి గనుక, ఆయన విషయంలో దీనికి విరుద్ధమైన ప్రమాదం ఉంది: ఒకే మనిషి ముక్కలుగా విడిపోవచ్చు.

4. లెడర్లీ కాలపు ఆధారం మరింత జాగ్రత్తను కోరుతుంది. ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసిన సంగతిని 1945లో ‘సైన్స్’లో ప్రకటించిన వ్యాసానికి 16 మంది రచయితలు, వారిలో సుబ్బారావు ఒకరు. జాలంలో ఆ ఒక్క వ్యాసమే 120 జంటలను సృష్టిస్తుంది. 1947లో ఫోలిక్ ఆమ్లానికి విరోధి పదార్థాన్ని ప్రకటించిన వ్యాసం మీద సీగర్, స్మిత్, హల్ట్‌క్విస్ట్ పేర్లున్నాయి; ముగ్గురూ 1945 జాబితాలోనివారే. 1948లో అలాంటి విరోధి పదార్థమైన అమినోప్టెరిన్‌తో పిల్లల ల్యుకేమియా తాత్కాలికంగా తగ్గినట్టు నివేదించిన వ్యాసం మీద సిడ్నీ ఫార్బర్, మరో నలుగురి పేర్లున్నాయి. చివరి రెండింటిలోనూ సుబ్బారావు పేరు లేదు. ఈ మూడు వ్యాసాలతోనే జాలం గీస్తే ఫార్బర్ బృందానికీ ఆయనకూ మధ్య గీత పడదు. లెడర్లీ పరిశోధనలకు నాయకత్వం వహించినది ఆయనేనని, ఫార్బర్‌కు ఈ మందులు అందింది అక్కడినుంచేనని ఇతర ఆధారాలు బలంగా సూచిస్తున్నాయి. నాయకత్వం వహించినవారి పేరు ప్రతి వ్యాసం మీదా పడుతుందని అనుకోలేము.

5. న్యూమన్ ప్రతిపాదించిన తూకాన్ని వాడితే ఈ వైరుధ్యం ఇంకా స్పష్టమవుతుంది. n మంది రాసిన వ్యాసంలో ప్రతి జంటకు 1/(n–1) విలువ ఇవ్వాలన్నది ఆ సూత్రం. 16 మంది వ్యాసంలో ఒక్కో జంటకు దక్కేది 1/15. ఇద్దరే రాస్తే పూర్తిగా 1. ఫాస్ఫరస్ (1925), ఫాస్ఫోక్రియేటిన్ (1927), ఏటీపీ (1929) వ్యాసాలు మూడింటితోనే ఫిస్క్, సుబ్బారావుల బంధం 3కు చేరుతుంది. ఇక్కడ చూసిన వ్యాసాల లెక్క ప్రకారం ఇంతకన్న దగ్గరి బంధం మరొకటి కనబడదు. కాని ఫిస్క్ వద్దే డాక్టరేట్ చేసి, తరువాత 1988లో నోబెల్ పొందిన జార్జ్ హిచింగ్స్ పేరిట ప్రచారంలో ఉన్న సాక్ష్యం దీనికి ఎదురుగా నిలుస్తుంది. సుబ్బారావు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్లను ఇతరులు ఏళ్ల తరువాత మళ్లీ కనుగొనవలసి వచ్చిందనీ, దానికి కారణం ఫిస్క్ అసూయ కావచ్చుననీ దాని సారాంశం. ఇది తరువాత కాలంలో చెప్పిన మాట గనుక దాన్నే తుది తీర్పుగా తీసుకోరాదు. అయినా ఆనాటి వాతావరణం ఎరిగినవారి మాట గనుక తోసిపుచ్చనూ రాదు. అచ్చుకాని పనికి ఉల్లేఖన ఉండదు; ఆ లోటును ఏ సూత్రమూ పూడ్చలేదు.

ఏటీపీ ప్రాథమ్యం విషయంలోనూ ఇలాంటి మెలకువే అవసరం. కార్ల్ లోమన్ జర్మన్ ప్రకటన 1929 ఆగస్టులో, ఫిస్క్–సుబ్బారావుల వ్యాసం అక్టోబరులో వచ్చాయి. రెండు నెలల తేడా అచ్చు తేదీలకు సంబంధించినది. ప్రయోగాల తేదీలకు కాదు. స్మాల్, మర్షకోవాల ఉదాహరణలో లాగే ఇక్కడా స్వతంత్ర ఆవిష్కరణగా భావించడమే ప్రస్తుత ఆధారాలకు దగ్గరగా ఉంటుంది.

పై పరిశీలనను బట్టి, సహరచన జాలం కలిసి ప్రచురించిన వారిని చాలావరకు సరిగానే చూపుతుంది. కలిసి పనిచేసిన వారిని కొంతవరకే. పనికి కారకులైన వారిని కొన్నిసార్లు అసలే చూపదు. కనుక తెలుగు విశ్వవిద్యాలయాల పరిశోధనను ఈ పద్ధతితో కొలవబూనుకునేవారు ఏ పేర్లను కలిపారో, వేటిని విడదీశారో, ఏ తూకం వాడారో ఫలితాల పక్కనే ప్రకటించాలి. కృతజ్ఞతల పేరాలనూ, ప్రయోగశాల నోటు పుస్తకాలనూ, ఉత్తరాలనూ అవి శిథిలం కాకముందే భద్రపరచమని తమ సంస్థలను కోరాలి.