మన కడుపు, మన చరిత్ర – 11: బియ్యం నీళ్లలో దాల్చినచెక్క



ఈసారి చక్కెర గురించి రాస్తానని పోయిన భాగంలో చెప్పాను. రాస్తాను, అయితే ఒక మెక్సికో పానీయం వెంట నడుచుకుంటూ వెళ్లి రాస్తాను. టెక్సాస్‌లో చదువుకుంటున్న మా తమ్ముడు దాని ఫోటో పంపి, "అన్నా, పాయసంలో నీళ్లు పోసినట్టుంది, భలే ఉంది" అన్నాడు. పేరు ఓర్చాతా. కింద "మెక్సికో సాంప్రదాయ పానీయం" అని బోర్డు. సాంప్రదాయం అనే మాట కనిపిస్తే నాకు కాళ్లు ఆగవు. ఎవరి సాంప్రదాయం? ఎవరు నానబెట్టారు, ఎవరు రుబ్బారు, ఎవరు తాగారు?

ముందు అది ఏమిటో చెప్తాను. పచ్చిబియ్యం, దాల్చినచెక్క కలిపి నానబెట్టి, రుబ్బి, వడగట్టి, చక్కెర వేసి చల్లగా తాగుతారు. కొందరు బాదం వేస్తారు, కొందరు పాలు పోస్తారు. మెక్సికో బజార్లలో పెద్ద గాజు జాడీల్లో మూడు పానీయాలు పక్కపక్కనే పెడతారు. తెల్లగా ఓర్చాతా, ఎర్రగా హమైకా, గోధుమరంగులో చింతపండు నీళ్లు. ఆ హమైకా మన ఎర్రగోంగూర కాయల పొట్టుతో చేసేదే. మూడు జాడీల్లోనూ ఉన్నవి బయటి ఖండాల నుంచి వెళ్లిన పంటలే.

పేరు కూడా వలసదే. లాటిన్‌లో బార్లీని హోర్దియం అంటారు. బార్లీ నీళ్ల పేరు స్పెయిన్ చేరి ఓర్చాతా అయింది. అక్కడ వలెన్సియా ప్రాంతంలో దాన్ని చూఫా అనే చిన్న దుంపతో చేస్తారు. మన పొలాల్లో కలుపుగా పీకిపారేసే తుంగ ఉంది చూశారా, దాని జాతిదే. ఆ దుంపను స్పెయిన్‌లో సాగులోకి తెచ్చింది అరబ్బులు. 1521లో స్పెయిన్ సైన్యం మెక్సికోను జయించాక పానీయం పేరు సముద్రం దాటింది, దుంప దాటలేదు. ఆ చోట్లోకి బియ్యం వచ్చింది.

బియ్యం, చక్కెర, దాల్చినచెక్క. మూడూ మెక్సికో మట్టిలో పుట్టినవి కావు. ఈ మూడింటిలో నన్ను నిద్రపోనివ్వనిది దాల్చినచెక్క.

అది శ్రీలంకది. ఇవాళ్టికీ శ్రీలంక దాల్చినచెక్కను అందరికంటే ఎక్కువగా కొనే దేశం మెక్సికో. ఆ చెక్క ఒలిచే పని ఎవరిది? సలాగమ అనే కులానిది. దక్షిణ భారత తీరం నుంచి వచ్చిన నేతగాళ్లమని వాళ్ల కథనం. నేత నేసిన చేతులకు రాజులు కత్తి ఇచ్చి అడవికి తోలారు. రాజుగారికి చేయాల్సిన వెట్టికి అక్కడ రాజకారియ అని పేరు. పదహారో శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు వచ్చారు. క్రైస్తవంలోకి రమ్మన్నారు, ప్రార్థన మార్చారు, కులాన్ని మాత్రం ముట్టుకోలేదు. ఎందుకు ముట్టుకుంటారు? పుట్టుకతోనే కూలీలను రాసి ఇచ్చే పద్ధతి ఉచితంగా దొరికితే వ్యాపారి దాన్ని పాడుచేసుకుంటాడా? తర్వాత వచ్చిన డచ్చి కంపెనీ ఇంకా గట్టిగా బిగించింది. మగవాళ్ల పేర్లు పట్టీలో ఎక్కించి తలకింత చెక్క అని లెక్క కట్టింది. దొంగచాటుగా అమ్మినా, చెట్టు పాడుచేసినా మరణశిక్ష దాకా వెళ్లే చట్టాలు చేసింది. వాళ్లు ఊరుకోలేదు. కొందరు కాండీ రాజ్యంలోకి పారిపోయారు. 1760 ప్రాంతంలో తిరగబడ్డారు. ఈ వెట్టి కాగితం మీద పోయింది ఇంగ్లీషువాళ్ల కాలంలో, 1830ల మొదట్లో.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. సలాగమలు మనలాగా అంటరానివాళ్లు కాదు. వాళ్లలోనే ముదలియార్ పదవులు పొంది, భూములు సంపాదించి, పైకెళ్లిన కుటుంబాలున్నాయి. అన్ని బాధల్నీ ఒకే గాటన కట్టేస్తే మన బాధే పలచనవుతుంది. కానీ కులం అనేది మన ఊరి గుడి దగ్గరా బావి దగ్గరా మాత్రమే ఉండే దేశవాళీ సరుకు అని ఎవరన్నా అంటే, ఈ చెక్క ముక్క చూపించండి. యూరప్ వ్యాపారం కులం భుజం మీద ఎక్కి ప్రపంచం తిరిగింది.

ఇప్పుడు చేసుకునే పద్ధతి. పెద్ద గ్లాసుడు పచ్చిబియ్యం తీసుకోండి, సుమారు 200 గ్రాములు. నూకలైనా ఫర్వాలేదు, స్టోరు బియ్యమైనా ఫర్వాలేదు, ఉప్పుడు బియ్యం మాత్రం వద్దు. రెండుమూడు సార్లు కడిగి, వేలెడంత దాల్చినచెక్క రెండు ముక్కలు విరిచి వేసి, నాలుగు గ్లాసుల వేడినీళ్లు పోసి మూత పెట్టండి. చల్లారాక రాత్రంతా నాననివ్వండి. ఎండలు మండే రోజుల్లో ఫ్రిజ్‌లో పెట్టండి, లేకపోతే పులుస్తుంది. పొద్దున చెక్కతో సహా మిక్సీలో మెత్తగా తిప్పి, పల్చటి నూలుగుడ్డలో పిండండి. పిప్పిలో ఇంకో రెండు మూడు గ్లాసుల నీళ్లు పోసి మళ్లీ పిండండి. సుమారు 100 గ్రాముల చక్కెర కలపండి. పిండి అడుగుకు దిగుతుంది కాబట్టి పోసే ప్రతిసారీ గరిటెతో కలపాలి. మన కిరాణా కొట్లలో దాల్చినచెక్క పేరుతో ఎక్కువగా దొరికేది కాసియా. మందంగా, గట్టిగా, ఘాటుగా ఉంటుంది. శ్రీలంకది కాగితపు పొరలు చుట్టినట్టుంటుంది, వేళ్లతో నలిపితే పొడవుతుంది. కాసియాతో చేస్తే ఒక్క ముక్క చాలు.

పోయిన నెల మా పేటలో పిల్లలతో చదువు సమావేశం పెట్టి ముప్పై గ్లాసులు ఇదే చేశాను. మా పెద్దమ్మ ఒక గుక్క తాగి అడిగింది: "బియ్యం కడిగిన నీళ్లకి ఇంత కథ ఎందుకురా?"

"బాగోలేదా పెద్దమ్మా?"

"బాగుంది. మాకు దొర ఇంట్లో గంజి పోసేవాళ్లు. పై నుంచి పోస్తే దోసిలి పట్టేవాళ్లం. గ్లాసులో తాగితే రుచి వేరేగానే ఉంటదిలే."

చక్కెర కథ మనవాళ్లకు కొంత తెలుసు. మెక్సికోను జయించిన కోర్తేస్ స్వయంగా కుయర్నవాకా దగ్గర చెరకు మిల్లు పెట్టాడు. ఆదివాసులు మశూచికి, పని భారానికి వేలల్లో చచ్చిపోతుంటే ఆఫ్రికా నుంచి మనుషుల్ని ఓడల్లో కుక్కి తెచ్చారు. వాళ్లలో యాంగా అనే ఆయన పేరు గుర్తుపెట్టుకోండి. బానిసత్వం నుంచి తప్పించుకుని వెరాక్రూస్ కొండల్లో తనలాంటివాళ్లతో ఒక ఊరు కట్టాడు. 1609లో స్పెయిన్ సైన్యం మీదికి వచ్చింది, లొంగదీయలేకపోయింది. చివరికి పాలకులే దిగొచ్చి ఆ ఊరిని స్వేచ్ఛా ఊరుగా ఒప్పుకున్నారు. ఇవాళ ఆ ఊరి పేరు యాంగా.

అటు పసిఫిక్ వైపు నుంచి మనీలా ఓడలు వచ్చేవి. 1565 నుంచి 1815 దాకా, ఫిలిప్పీన్స్ నుంచి అకపుల్కో రేవుకు. పట్టు, పింగాణీ, మసాలాలతోపాటు మనుషుల్ని కూడా దించారు. బెంగాల్ వాళ్లు, మలబారు వాళ్లు, మన కోరమాండల్ తీరం వాళ్లు, ఫిలిప్పీన్స్ వాళ్లు అందరికీ కలిపి ఒకటే పేరు, "చీనో". ఎక్కడివాడివని అడిగే ఓపిక అమ్మేవాడికి ఎందుకుంటుంది? ఆసియా బానిసలను విడుదల చేయాలని స్పెయిన్ రాచరికం 1672లో ఆజ్ఞ ఇచ్చింది. ఆ ఓడల్లో వెళ్లిన ఒకామె పేరు మిగిలింది. చిన్నతనంలో భారతదేశ తీరంలో పోర్చుగీసు దొంగలు ఎత్తుకెళ్లిన మిర్రా. కొచ్చిన్, మనీలా మీదుగా ప్వేబ్లా నగరం చేరి, కతరీనా దె సాన్ హువాన్ అనే పేరుతో బతికి 1688లో చనిపోయింది. ఆమె గురించి పాదిరీలు లావుపాటి పుస్తకాలు రాశారు, మొఘలు రాజవంశపు బిడ్డ అన్నారు. నాకు ఆ మాట మీద నమ్మకం లేదు. బానిస పవిత్రురాలు కావాలంటే ముందు ఆమెకు రాజరక్తం ఎక్కించాలి. మామూలు పిల్ల అయితే వాళ్ల కలం కదలదు. మన పురాణాల్లో శూద్రుడు గొప్పవాడైతే గత జన్మలో బ్రాహ్మణుడని రాస్తారే, ఆ పనే ఇదీ.

అసలు విషయానికొస్తున్నాను. కాస్తా. పోర్చుగీసువాళ్లు మన తీరంలో జాతిని, కులాన్ని చూసి తమ భాషలో కాస్తా అన్నారు. ఇంగ్లీషువాళ్లు అందులోంచి క్యాస్ట్ తీసుకున్నారు. అదే మాట మెక్సికోలో స్పెయిన్, ఆదివాసీ, ఆఫ్రికా రక్తాలు కలిసిన వాళ్లను వర్గీకరించే మాటైంది. చర్చిల్లో స్పెయిన్‌వాళ్ల పుట్టుకలకు ఒక పుస్తకం, కాస్తాలకు వేరే పుస్తకం. పద్దెనిమిదో శతాబ్దంలో దీనికి బొమ్మలు కూడా వేశారు. తండ్రి, తల్లి, బిడ్డ, కింద పేరు. ఎక్కువగా పదహారు గడులు. పై గడుల్లో పట్టుబట్టలు, కిందికి దిగేకొద్దీ చినుగులు. బాబాసాహెబ్ శ్రేణీకృత అసమానత అన్నది చదివి ఆ బొమ్మలు చూడండి, ఒళ్లు జలదరిస్తుంది.

తేడా ఉంది, దాన్నీ దాచొద్దు. అక్కడ గడులు దాటే సందులున్నాయి. డబ్బుంటే ఆఫ్రికా రక్తపు మచ్చను మాఫీ చేసే రాజపత్రం కొనుక్కోవచ్చు, 1795లో దానికి ధరల పట్టిక కూడా వేశారు. ఎంత డబ్బు పోస్తే మాల మాదిగ పుట్టుక మాఫీ అవుతుందో మన దగ్గర ఏ రాజూ పట్టిక వేయలేదు.

ఆ గడుల్ని చింపినవాడు హోసే మరియా మొరేలోస్. ఆఫ్రికా మూలాలు కూడా ఉన్న పూజారి, స్వాతంత్ర్య పోరాట నాయకుడు. 1813లో రాసిన పత్రంలో 15వ అంశంగా బానిసత్వాన్నీ, కాస్తా తేడాలనూ కలిపి శాశ్వతంగా రద్దు చేయాలన్నాడు. ఒకటి రద్దు చేసి రెండోది ఉంచితే రద్దు కాదని ఆయనకు తెలుసు. 1815లో కాల్చి చంపారు. ఆయన పేరు మీదే తర్వాత ఒక రాష్ట్రం ఏర్పడింది. కోర్తేస్ చెరకు మిల్లు పెట్టిన నేల అదే. మెక్సికోలో పేరున్న బియ్యం ఇప్పుడు పండేదీ అక్కడే. చెరకు జమీందార్లు ఊరి భూములు మింగేస్తుంటే 1911లో తుపాకీ పట్టిన ఎమిలియానో జపాటాదీ అదే రాష్ట్రం, అనెనెక్విల్కో ఊరు. 1919 ఏప్రిల్ 10న ఒక చెరకు జమీందారీ గేటు దగ్గరే ఆయన్ని మోసంతో చంపారు.

ఆఫ్రికా సంతతి వాళ్లను మెక్సికో రాజ్యాంగం పేరుపెట్టి గుర్తించింది ఎప్పుడో తెలుసా? 2019లో. మరుసటి ఏడాది జనాభా లెక్కల్లో 25 లక్షల మందికి పైగా తామెవరో చెప్పుకున్నారు. మన దగ్గర కులగణన అడిగితే సమాజం చీలిపోతుందంటున్నారు.

వచ్చే భాగంలో ఎదురుదారి ప్రయాణం. మెక్సికో నుంచి గుంటూరు దాకా మిరపకాయ, దాన్ని కోసే మన ఆడవాళ్ల చేతుల మంట. మీ ఊళ్లో కోత కూలి ఎంత ఇస్తున్నారో, ఆడ మగ తేడా ఎంతో కామెంట్‌లో రాయండి.