వాహనాల అదనపు దీపాలు: దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతం

లారీకో జీపుకో కంపెనీ ఇచ్చిన హెడ్‌లైట్లు కాక, కొండదారుల్లో, పొలం బాటల్లో, మట్టిరోడ్ల మీద నడపడానికి విడిగా బిగించుకునే దీపాలను అదనపు దీపాలంటారు. వాడుకలో ఇవి ఫోకస్ లైట్లు, ఫాగ్ లైట్లు, ఎల్‌ఈడీ బార్లు. హైదరాబాద్ తూర్పు భాగాన దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ మీదుగా ఆటోనగర్ దాకా విజయవాడ రహదారి వెంట వీటిని అమ్మే, బిగించే దుకాణాలున్నాయి. ఈ దీపాల ఎంపికలో "ఎంత వెలుగు వస్తుంది?" అన్న ప్రశ్న నూరేళ్లలో "వెలుగు ఎక్కడ పడుతుంది?" అన్న ప్రశ్నగా మారింది.

దారి, ప్రాంతం

గోల్కొండను మచిలీపట్నం రేవుతో కలిపిన పాత బాట ఈ తూర్పు దిక్కునే సాగింది. కుతుబ్‌షాహీ రాణి హయత్ బక్షీ బేగం పేరున వెలసిన హయత్‌నగర్ ఆ బాట మీది మజిలీ. కుతుబ్‌షాహీల నాటి నుంచి ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యే దాకా రాత్రి ప్రయాణానికి దివిటీ, బండి కింద వేలాడే లాంతరు తప్ప వేరే వెలుగు లేదు.

దిల్‌సుఖ్‌నగర్‌కు దిల్‌సుఖ్ రామ్ పర్షాద్ అనే జాగీర్దారు పేరు మీద ఆ పేరు వచ్చిందని చెబుతారు. ఎల్బీనగర్ పూర్తి పేరు లాల్ బహదూర్ నగర్. ప్రధానిగా పనిచేసిన లాల్ బహదూర్ శాస్త్రి జ్ఞాపకార్థం పెట్టిన పేరు. ఇక్కడి కూడలిలో విజయవాడ రహదారి, నాగార్జునసాగర్ వైపు దారి, ఇన్నర్ రింగ్ రోడ్డు కలుస్తాయి. 1986లో గడ్డిఅన్నారంలో పండ్ల మార్కెట్ ఏర్పడ్డాక మామిడి, బత్తాయి లోడు లారీలు రాత్రంతా ఈ దారిన వచ్చేవి. రాత్రి నడిచే బండ్లు ఎక్కువైన చోట దీపాల పనికి గిరాకీ పెరగడం సహజం.

తొలి దీపాలు

తొలినాటి మోటారు కార్లకు కిరోసిన్ దీపాలు, ఆ తర్వాత ఎసిటిలీన్ దీపాలు వచ్చాయి. కాల్షియం కార్బైడు మీద నీటి చుక్కలు పడితే పుట్టే వాయువును మండించి, వెనుక అద్దంతో వెలుగును ముందుకు మళ్లించేవారు. 1912లో కాడిలాక్ కారుకు విద్యుత్ స్టార్టరు, విద్యుత్ దీపాలు కలిసి వచ్చాయి. 1913లో జర్మనీ కంపెనీ బాష్ డైనమో, రెగ్యులేటరు, హెడ్‌లైట్లను ఒకే ఏర్పాటుగా అమ్మకానికి పెట్టింది.

భారతదేశంలో అడవిదారి దీపాలు మొదట సంస్థానాధీశుల వేటబండ్ల మీద కనిపించాయి. కోటా మహారాజు కోసం 1925లో తయారైన రోల్స్‌రాయిస్ ఫాంటమ్‌కు పులివేట నిమిత్తం పెద్ద సెర్చిలైట్లు అమర్చారు. హైదరాబాద్‌లో నిజాముల వేటభూముల్లో ఒకటి నేటి వనస్థలిపురం పక్కన ఉండేది. అదే 1975లో అభయారణ్యంగా, 1994లో జాతీయ ఉద్యానంగా మారిన మహావీర్ హరిణ వనస్థలి. దాదాపు 14.6 చదరపు కిలోమీటర్ల ఈ వనం కృష్ణజింకలకు ఆశ్రయం.

సామాన్యుడికి మోటారు ప్రయాణం 1932లో అందుబాటులోకి వచ్చింది. ఆ ఏడాది నిజాం రాష్ట్ర రైల్వే తన రోడ్డు రవాణా విభాగాన్ని 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో ప్రారంభించింది.

జీపులు, లారీలు

రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్ జీపు 6 వోల్టుల బ్యాటరీతో నడిచేది. శత్రువు కంట పడకుండా వెలుగును కిందికి మాత్రమే వదిలే బ్లాకవుట్ దీపం దాని ఎడమ మడ్‌గార్డు మీద ఉండేది. దీపాన్ని ఎంత వెలిగించాలో కాక, ఎంత కప్పాలో ఆలోచించి చేసిన చక్కని పనితనం అది. 1947 నుంచి మహీంద్రా సంస్థ విల్లీస్ జీపులను భారతదేశంలోకి తెచ్చింది. 1954లో టాటా సంస్థ డైమ్లర్-బెంజ్ సహకారంతో జంషెడ్‌పూర్‌లో లారీల తయారీ మొదలుపెట్టింది.

రెండు వరుసల రోడ్డు మీద ఎదురు బండి కనబడగానే హెడ్‌లైటును కిందికి దించడం అప్పటి డ్రైవర్ల ముఖ్య మర్యాద. లారీల వెనుక రాత్రిపూట డిప్పర్ వాడమని రాయించడం ఆనవాయితీ అయింది. హెడ్‌లైటు అద్దం పై సగానికి నల్లరంగు పూయడం, మంచు కాలంలో దీపానికి పసుపు కాగితం అంటించడం కూడా ఈ కాలపు అలవాట్లే. పసుపు వెలుగుకు అప్పట్లో ఫ్రాన్స్‌లో చట్టం అండ ఉండేది. 1930ల చివరి నుంచి 1993 దాకా అక్కడి కార్లకు పసుపు హెడ్‌లైట్లు తప్పనిసరి.

హాలోజన్ కాలం

అదనపు దీపాల చరిత్రలో హాలోజన్ బల్బు రాక అన్నిటికంటే పెద్ద మలుపు. మామూలు బల్బులో టంగ్‌స్టన్ తీగ వేడికి ఆవిరై గాజు లోపల నల్లగా పేరుకుంటుంది. అయోడిన్ లేదా బ్రోమిన్ కలిపిన హాలోజన్ బల్బులో ఆ ఆవిరి తిరిగి తీగ మీదికే చేరుతుంది. గాజు నల్లబడదు, తీగను మరింత వేడిగా వెలిగించవచ్చు. ఈ రకంలో హెచ్1 బల్బు 1962లో యూరప్‌లో వచ్చింది. ఒకే బల్బులో హైబీముకూ లోబీముకూ రెండు తీగలున్న హెచ్4 1971లో వచ్చింది. అమెరికాలో మాత్రం 1940 నుంచి 1983 దాకా గాజు, బల్బు కలిసిపోయిన సీల్డ్ బీం దీపాలే నిబంధన. అక్కడ కొండల్లో, ఎడారుల్లో తిరిగే వారు వేరే దీపాలు బిగించుకోవడానికి అదీ ఒక కారణం. 1970లో అరిజోనాలో మొదలైన కేసీ హైలైట్స్ ఆ గిరాకీ మీదే ఎదిగింది. జర్మనీలో 1899 నాటి హెల్లా, జపాన్‌లో 1963 నాటి పియా కూడా ఈ రంగంలో పేరు తెచ్చుకున్నాయి.

బల్బుతో పాటు వైరింగు నియమాలూ స్థిరపడ్డాయి. 12 వోల్టుల బండిలో 55 వాట్ల దీపాలు రెండు వెలిగితే 9 ఆంపియర్లకు పైగా కరెంటు లాగుతాయి. అది నేరుగా డ్యాష్‌బోర్డు స్విచ్చి గుండా పోతే స్విచ్చి కాలిపోతుంది. అందుకే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే రిలే, 15 ఆంపియర్ల ఫ్యూజు, తగినంత లావు తీగ కావాలి. సన్నతీగ వల్ల దీపం దగ్గర వోల్టేజి 12 నుంచి 11కు పడితే హాలోజన్ వెలుగు దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది. కొత్త దీపాలు కొనే ముందు పాత తీగలు మార్చి చూడమని మంచి ఆటో ఎలక్ట్రీషియన్లు చెప్పేది ఇందుకే. హెచ్4 బల్బు ప్రమాణం 60/55 వాట్లు కాగా, దుకాణాల్లో 100/90 వాట్లవి కూడా దొరికేవి. వాటి వేడికి ప్లాస్టిక్ హోల్డర్లు కరిగేవి, రిఫ్లెక్టర్లు మసకబారేవి. చేతి జిడ్డు అంటితే బల్బు పగిలే ప్రమాదం ఉంది కనుక గాజును గుడ్డతో పట్టుకోవడం పనివాళ్ల అలవాటు. లారీలది 24 వోల్టుల ఏర్పాటు. వాటికి 75/70 వాట్ల హెచ్4 వాడతారు.

నిబంధనలు

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళి దీపాల ఎంపికకు హద్దులు గీసింది. 105వ నియమం ప్రకారం బండి దీపాల వెలుగులో 155 మీటర్ల ముందున్న మనుషులు, వాహనాలు స్పష్టంగా కనిపించాలి. 106వ నియమం ప్రకారం 8 మీటర్ల దూరంలో, భూమికి 1.5 మీటర్ల ఎత్తులో ఉన్న కంటిని వెలుగు మిరుమిట్లు గొలపకూడదు. రిజిస్టరింగ్ అధికారి ముందస్తు అనుమతి లేకుండా స్పాట్ లైటు, సెర్చిలైటు ముందువైపు బిగించడాన్ని 111వ నియమం నిషేధిస్తుంది. బంపరు ముందు బిగించే, దీపాలు మోసే బుల్‌బార్లు అనధికారికమని 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు తెలిపింది. తయారీదారు ఇచ్చిన రూపాన్ని మార్చడంపై 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది.

ఎల్‌ఈడీ కాలం

1993లో శాస్త్రవేత్త షుజి నకమురా ప్రకాశవంతమైన నీలి ఎల్‌ఈడీని సాధించడంతో తెల్లని ఎల్‌ఈడీకి దారి పడింది. ఆయనతో పాటు ఇసాము అకాసాకి, హిరోషి అమానోలకు 2014లో నోబెల్ బహుమతి దక్కింది. 2007లో లెక్సస్ కారు ఎల్‌ఈడీ లోబీముతో వచ్చింది. 55 వాట్ల హాలోజన్ సుమారు 1,500 ల్యూమెన్లు (దీపం వెదజల్లే మొత్తం వెలుగు కొలత) ఇస్తే, మంచి ఎల్‌ఈడీ వాటుకు 100 ల్యూమెన్ల దాకా ఇస్తుంది. 2010లో వచ్చిన మహీంద్రా థార్, 2020 నాటి దాని కొత్త రూపం, 2023లో వచ్చిన మారుతి జిమ్నీ కుర్రకారులో కొండబాటల మోజు పెంచాయి.

ఎంపిక పద్ధతి

డబ్బా మీది వాట్లను బట్టి దీపం కొనడం పాత పద్ధతి. ఇప్పుడు చూడవలసినవి వెలుగు రూపం, రంగు, నీటి రక్షణ, చల్లార్చే రెక్కలు.

స్పాట్ దీపం సన్నగా దూరం పోతుంది. ఫ్లడ్ దీపం దగ్గరలోనే వెడల్పుగా పరుచుకుంటుంది. ఒక చోట పడే వెలుగును లక్స్‌లో కొలుస్తారు; పౌర్ణమి వెన్నెల పావు లక్స్ ఉంటుంది. 200 మీటర్ల దూరాన ఒక లక్స్ ఇచ్చే దీపం 100 మీటర్ల దగ్గర నాలుగు లక్స్ ఇస్తుంది. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతవుతుంది. రాళ్లబాటలో నెమ్మదిగా పోయేవారికి ఫ్లడ్ చాలు. డిసెంబరు, జనవరి నెలల్లో చౌటుప్పల్, సూర్యాపేట వైపు మంచు పట్టినప్పుడు బంపరు కింద అమర్చిన వెడల్పాటి ఫాగ్ దీపం పనికొస్తుంది. బండి పైకప్పు మీది బార్ వెలుగు మంచులోనూ దుమ్ములోనూ వెనక్కి కొట్టి, బానెట్ మీద మెరిసి, డ్రైవరు కళ్లకే అడ్డుపడుతుంది. వానకూ వాగు దాటడానికీ నీరు, దుమ్ము చొరబడనివ్వని ఐపీ67 రక్షణ ఉండాలి.

ప్రస్తుత స్థితి

2010లో విజయవాడ రహదారి 9వ నంబరు జాతీయ రహదారి నుంచి 65వ నంబరుగా మారింది. 2012 నాటికి నగరం వెలుపలి విజయవాడ రహదారి నాలుగు వరుసలైంది. పండ్ల మార్కెట్ 2021లో గడ్డిఅన్నారం నుంచి తరలి బాటసింగారం చేరడంతో లారీలూ బయటికి జరిగాయి. 2018 సెప్టెంబరు 24 నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో నడుస్తోంది. నగరంలో వీధి దీపాల వెలుగున్న ఈ రోడ్డు మీద స్పాట్ దీపంతో పనిలేదు. అది ఎదుటివారి కళ్లలోనే పడుతుంది.

దీపాలు బిగించాక బండిని గోడకు ఎదురుగా 25 అడుగుల దూరంలో సమతలం మీద నిలిపి, దీపాల ఎత్తును గోడ మీద చాక్‌పీసుతో గుర్తిస్తారు. లోబీము పై అంచు ఆ గీత కిందే ఉండేలా మరలు తిప్పుతారు. ఊరి రోడ్డు ఎక్కగానే ఫోకస్ లైట్లకు మూత బిగించడం శ్రద్ధగల డ్రైవర్ల పద్ధతి. ఆ మూత ఖరీదు తక్కువే అయినా, దీపంతో పాటే కొనదగిన వస్తువు.