ఏలగిరి ఎక్కుడులో తగ్గిపోయే ‘బూస్ట్’

జోలార్పేట సమీపంలోని పొన్నేరి నుండి ఏలగిరికి 14 మలుపుల ఘాట్ రోడ్డు. ఆ ఎక్కుడులో విద్యుత్ స్కూటరు ‘బూస్ట్’ తగ్గిపోతే మోటారు చెడిందనుకోవడం తొందరపాటే. బూస్ట్ అనగా కంట్రోలరు కొద్దిసేపు మాత్రమే ఇచ్చే అదనపు కరెంటు. కరెంటు రెట్టింపైతే తీగచుట్టలలో వేడి నాలుగింతలవుతుంది. హద్దు దాటగానే కంట్రోలరే బూస్ట్‌ను తగ్గిస్తుంది. బండిని నీడన ఆపి చల్లార్చాక తిరిగి వస్తే కారణం వేడే.

చల్లటి బండిలోనూ రాకుంటే మొదట ఛార్జి, పిదప బ్రేకు స్విచ్చి, యాక్సిలరేటరు తీగ చూడాలి. ఎక్కుడులో వోల్టేజి బాగా పడిపోతుంటే అనుమానం బ్యాటరీ మీదే.

కొందరు మెకానిక్కులు అడిగినదే తడవుగా కరెంటు పరిమితిని, బూస్ట్ వ్యవధిని పెంచేస్తారు. అది బ్యాటరీ రక్షణ బోర్డు హద్దును మించితే బోర్డు సరఫరాను పూర్తిగా తెంచుతుంది. వెనుక బస్సు వస్తుండగా మలుపులో బండి ఆగిపోవచ్చు. రిజిస్ట్రేషన్ అక్కరలేని 250 వాట్ల బండికి ఇలా శక్తి పెంచితే ఆ మినహాయింపూ పోతుంది.